ఏ చేతికి ఏ పుస్తకం



లైబ్రరీ కౌంటరు దగ్గర కూర్చునేవాళ్లను రోజూ ఇరుకున పెట్టే మాట ఒకటుంది. "ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి సార్." వినడానికి సులువుగానే ఉంటుంది. జవాబు చెప్పబోతేనే నోరు పెగలదు. అడిగినాయన రిటైరైన తహసీల్దారు కావచ్చు, పరీక్షలు అయిపోయిన డిగ్రీ అమ్మాయి కావచ్చు, పొద్దుటి నుంచి కొలిమి దగ్గర నిలబడి వచ్చిన పనివాడు కావచ్చు. ముగ్గురికీ నచ్చే ఒక్క మంచి పుస్తకాన్ని ఎక్కడని వెతకడం?

గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాసినప్పుడు, రెండోదీ మూడోదీ ఈ చిక్కు గురించే రాశారు. ప్రతి పాఠకుడికీ అతనికి తగిన పుస్తకం అందాలి, ప్రతి పుస్తకానికీ దానికి తగిన పాఠకుడు దొరకాలి అన్నారాయన. "చచ్చేలోగా చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటి జాబితాలు ఈ సూత్రాల ముందు నిలవవు. జాబితా వేసినవాడికి పుస్తకాలు తెలుసు, ఎదురుగా నిలబడ్డ మనిషి తెలియదు. చెయ్యి తిరిగిన లైబ్రేరియన్ అందుకే ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఈ మధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏది? సెలవు రోజున మీ చేతులు ఊరికే ఉంటాయా, ఏదైనా పని వెతుక్కుంటాయా? మొదటి ప్రశ్నకు చాలామంది మొహమాటపడతారు. రెండోదానికి మాత్రం మొహం వికసిస్తుంది. కుట్టుపని అని ఒకరు, కుండీల్లో మొక్కలని ఒకరు, పాత నాణేలని ఒకరు, ఏమీ లేదండీ వంటే అని ఒకరు. ఏ బీరువా వైపు నడవాలో అప్పటికి తెలిసిపోతుంది.

బీదర్‌లో ఈ సంభాషణ మరింత రుచిగా ఉంటుంది. ఒకే వీధిలో కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు వినిపించే ఊరు ఇది. 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ రోజు పాత బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలింది మైసూరు రాష్ట్రానికి, అంటే ఇప్పటి కర్ణాటకకు చేరింది. సరిహద్దు మారినా బంధుత్వాలు మారలేదు. బీదర్ నుంచి గంట ప్రయాణంలో జహీరాబాద్ వస్తుంది. అందుకే ఇక్కడి తెలుగు పాఠకుడు తెలుగు బీరువా ఒక్కటే చూసుకుని వెనక్కి వెళితే నష్టపోయేది అతనే. పక్క బీరువాల్లో కూడా అతని పుస్తకాలు ఉన్నాయి.

పుస్తకాలకూ ఈ ఊరికీ ఉన్న సంబంధం నిన్నటిది కాదు. బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ ఇక్కడ కట్టించిన మదరసా 1472లో పూర్తయింది. దాని గ్రంథాలయంలో 3,000 రాతప్రతులు ఉండేవని చరిత్రకారులు చెబుతారు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన గవాన్ స్వయంగా రచయిత. ఆయన పారశీక లేఖల సంపుటి 'రియాజుల్ ఇన్షా' దక్కను చరిత్రకారులకు ఇప్పటికీ ఆధారం. కుట్ర పన్ని సృష్టించిన ఒక దొంగ ఉత్తరం కారణంగా 1481లో సుల్తాను ఆయనకు మరణశిక్ష వేశాడు. ఉత్తరాలు రాయడంలో పేరుపడ్డ మనిషి ప్రాణం ఉత్తరం మీదే పోయింది. 1696లో మందుగుండు పేలి మదరసా సగం కూలింది. మిగిలిన ఒక్క మినారు మీద రంగు పలకల పని నేటికీ కొంత కనబడుతుంది. చరిత్ర అంటే చెవి కోసుకునేవాళ్లు హారూన్ ఖాన్ షెర్వానీ 1942లో గవాన్ మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం అడగాలి. ఆయనదే 1953 నాటి 'ది బహమనీస్ ఆఫ్ ది డెక్కన్' కూడా ఉంది. అది లావుపాటి పుస్తకం, ఓపిక కావాలి.

ఇక చేతిపని. బీదర్ అనగానే బిద్రీ. జింకు ఎక్కువగా, రాగి కొంచెంగా కలిపి పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద మొనదేలిన ఇనుప పుల్లతో పువ్వులు, లతలు గీస్తారు. గీత వెంట ఉలితో గాడి తీసి వెండి దిగగొడతారు. తీగతో చేస్తే తార్‌కషీ, రేకుతో చేస్తే తేహ్‌నిషాన్. చివరికి వస్తువును వేడిచేసి, కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తారు. లోహం కాటుక నలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. ఈ పనిలో జీవితం గడిపిన బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఈ పని పుస్తకం చూసి నేర్చుకునేది కాదు, ఉస్తాద్ దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే. కానీ చెయ్యి కుదిరాక ఇంకో కష్టం మొదలవుతుంది. దుకాణంలో అమ్ముడయ్యే నమూనాలే మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. అప్పుడు పుస్తకం పనికొస్తుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దగ్గరున్న బిద్రీ వస్తువుల మీద సూసన్ స్ట్రాంజ్ తయారుచేసిన పుస్తకం 1985లో వచ్చింది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం సేకరణ మీద కృష్ణలాల్ పుస్తకం 1990లో వచ్చింది. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల మ్యూజియం తమ బిద్రీ సేకరణ మీద ఒక గ్రంథం వేసింది. హుక్కా కుదుళ్లు, పాన్‌దాన్‌లు, సురాహీలు, వాటి మీద ఇప్పుడెవరూ వేయని పాత పూల అల్లికలు ఈ పుస్తకాల నిండా ఉంటాయి. అన్నీ ఇంగ్లీషువే అయినా బొమ్మకు భాష అడ్డం కాదు. ఖరీదైనవి కాబట్టి సొంతానికి కొనడం కష్టం. లైబ్రరీ కొనాల్సినవి సరిగ్గా ఇలాంటివే.

గులాం యాజ్దానీ పుస్తకం ఈ వరసలో అన్నిటికన్నా ముందు ఉండాలి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖను నడిపిన యాజ్దానీ రాసిన 'బీదర్: ఇట్స్ హిస్టరీ అండ్ మాన్యుమెంట్స్' 1947లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. కోట, సమాధులు, మసీదులు, ప్లాన్లు, ఫోటోలు అన్నీ ఇందులో ఉన్నాయి. కోటలోని రంగీన్ మహల్ గోడల్లో నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పని ఉంది కదా, ఈ ఊరిని ఏలిన బరీద్‌షాహీల నాటిది. ఆ పేజీలు తెరిస్తే లోహంలో వెండి పొదిగేవాళ్లూ రాతిలో చిప్ప పొదిగినవాళ్లూ ఒకే కళ్లతో చూశారనిపిస్తుంది. ఇది రిఫరెన్సు పుస్తకం, ఇంటికివ్వరు. ట్రేసింగు కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్లి పఠన మందిరంలోనే కూర్చోవాలి. ముగ్గులు వేసేవాళ్లకూ, చీరల మీద అద్దకం వేసేవాళ్లకూ, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకూ ఆ జ్యామితి నమూనాలు ఏడాదికి సరిపడా పని ఇస్తాయి. బీదర్‌లో ఏ లైబ్రరీ అయినా ఈ పుస్తకం లేకుండా ఉంటే, దానికి సాకు చెప్పుకోవడం కష్టం.

ప్రయాణాలంటే ఇష్టపడేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఇద్దరు తోడున్నారు. ఒకాయన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్. 15వ శతాబ్దంలో ఒక గుర్రాన్ని ఓడలో తెచ్చి, దాన్ని అమ్ముకోవడానికి తంటాలు పడుతూ బీదర్ చేరాడు. సుల్తాను కోట ఏడు ద్వారాలనూ, అక్కడ కాపలావాళ్లతో పాటు కూర్చుని వచ్చేపోయేవాళ్ల వివరాలు రాసుకునే గుమాస్తాలనూ వర్ణించాడు. స్వదేశానికి తిరిగి వెళ్తూ ఊరు చేరకముందే దారిలో చనిపోయాడు. రాత మాత్రం మిగిలింది. 'మూడు సముద్రాలకు ఆవల ప్రయాణం' అనే ఆ చిన్న పుస్తకానికి ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. 1957లో కె.ఏ. అబ్బాస్ సోవియట్ దర్శకుడితో కలిసి తీసిన 'పరదేశీ' సినిమా ఈయన కథే. రెండో ఆయన మన ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో బయల్దేరి కాశీకి వెళ్లి 1831లో తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు హైదరాబాదు మీదుగానే వెళ్లాడు. దారిలో బియ్యం ఎక్కడ దొరుకుతాయి, ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ బస, బోయీలకు కూలి ఎంత, అన్నీ రాశాడు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. భాష మొదటి పది పేజీలు గుచ్చుకుంటుంది, ఆ తర్వాత అలవాటైపోతుంది. ప్రయాణపు డైరీ రాసుకోవాలనే సరదా ఉన్నవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. వర్ణనలు ఎక్కువ పెట్టకుండా ధరలు, దూరాలు, భోజనం రాస్తే చాలు, వందల ఏళ్లు నిలుస్తుందని వీళ్లను చూస్తే అర్థమవుతుంది.

పాడేవాళ్లకూ కథ చెప్పేవాళ్లకూ ఈ జిల్లాలో పుట్టిన కథే ఉంది. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు ఉన్న కల్యాణ నగరం నేటి బసవకల్యాణ, బీదర్ జిల్లాలోనిది. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో 'బసవపురాణం'గా తెలుగులో రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని భీమకవి 1369లో కన్నడంలో రాశాడు. కన్నడ దేశపు మహనీయుడి చరిత్ర తెలుగు ద్విపదలోంచి తిరిగి కన్నడానికి చేరిందన్నమాట. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివే బీదర్ పిల్లలకు రెండు పుస్తకాలూ సొంతమే. ద్విపద పాడుకోవడానికి పుట్టిన ఛందస్సు, మనసులో చదువుకుంటే సగం రుచే తెలుస్తుంది. సోమనాథుడిదే 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలం యాత్రికుల సందడి, ఆటలు, వాద్యాలు, బొమ్మలాటలు వరసపెట్టి కనిపిస్తాయి. తోలుబొమ్మలో, నాటకాలో సరదా ఉన్నవాళ్లకు అది గని. జానపద పాటలు సేకరించాలనుకునేవాళ్లకు బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' దారి చూపుతుంది. నాటకాల్లో దుస్తులు, నగలు, ఇంటి సామాను ఏ కాలానికి ఎలా ఉండాలో తేల్చుకోవాలంటే సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెరవాలి. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికిన పుస్తకం అది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది.

మొక్కలవాళ్లకు పుస్తకాల కొరత లేదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో మేడమీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని రాసి ఎంతోమందిని మిద్దెతోట వైపు తిప్పారు. పక్షులు చూసేవాళ్లకు సలీం అలీ 1941 నాటి 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' ఎలాగూ ఉంది. 1930ల మొదట్లో ఆయన నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేశారు, బీదర్ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆయన ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' బైనాక్యులర్స్ లేనివాళ్లు కూడా హాయిగా చదవొచ్చు. కన్నడం చదవగలిగినవాళ్లు పూర్ణచంద్ర తేజస్విని వదలకూడదు. కాఫీతోట, కెమెరా, గాలం, పక్షులు, నవలలు అన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. 'కర్వాలో' మొదలుపెడితే ఒక్క రోజులో అయిపోతుంది. నాణేలవాళ్లకు పరమేశ్వరీలాల్ గుప్తా 'కాయిన్స్' ఒక్కటి చాలు. నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురణ కాబట్టి ధర తక్కువ, సమాచారం ఎక్కువ.

వంట గురించి అడిగేవాళ్లను కొందరు తక్కువగా చూస్తారు. అది తప్పు. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' ఎన్ని ముద్రణలు పడిందో తెలుగు ఇళ్లకు తెలుసు. ఆ పుస్తకం కోసం లైబ్రరీకి వచ్చినావిడకు అదే రచయిత్రి 'పాత కెరటాలు' చేతిలో పెడితే ఏం జరుగుతుంది? 'స్వాతి' పత్రికలో ఏళ్ల తరబడి ఒక్కో ఇంగ్లీషు నవలను, ప్రపంచ నవలను కథంతా చెప్పి పరిచయం చేసిన శీర్షిక అది. తర్వాత సంపుటాలుగా వచ్చింది. పులిహోర కొలతలు చెప్పిన గొంతుతోనే టాల్‌స్టాయ్‌ని, డికెన్స్‌ని చెబితే భయం ఉండదు. పుస్తకాలు సిఫారసు చేయడమే ఒక విద్య అనుకుంటే, తెలుగులో ఆ విద్యకు మాలతీ చందూర్‌ను మించిన గురువు కనిపించరు. మూలం చదవకుండా కథ తెలిసిపోతే ఎట్లా అని సణిగే పండితులుంటారు. వాళ్లను సణగనివ్వండి. ఆ పరిచయం చదివి మూలం కోసం వెతికినవాళ్లు ఎందరో ఉన్నారు.

డిటెక్టివ్ నవలల గురించీ ఇదే మాట. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు చదివి చదువు మీద మక్కువ పెంచుకున్న తరం ఒకటుంది. అట్ట చిరిగిన పుస్తకమే ఎక్కువమంది తీసుకెళ్లిన పుస్తకం, కొత్తగా మెరిసే అట్టల మీద అంత నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. ఆ రుచి నుంచి తెలంగాణ జీవితంలోకి రావాలనుకుంటే దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' సరైన మెట్టు. కథ ఆగకుండా లాక్కెళుతుంది, నిజాం కాలపు గ్రామం కళ్లముందు నిలుస్తుంది. ఆ తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. హోటల్లో పనిచేసి, సొంతంగా చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి ఆయన. సైన్సు ఇష్టపడేవాళ్లకు కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు. భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, ఇంటికొస్తే సితారు. అందుకే ఆయన అణువు గురించి రాసినా రాగం గురించి రాసినా మామూలు మనిషికి అర్థమవుతుంది.

బీదర్ తెలుగువాళ్లకు తిరుమల రామచంద్రను ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా' కర్ణాటక నేల మీద గడిచిన బాల్యంతో మొదలై పంజాబు దాకా నడుస్తుంది. మరణించాక ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకం అది. శివరామ కారంత్ నవల 'మరళి మణ్ణిగె'ను 'మరల సేద్యానికి' అని తెలుగు చేసిందీ ఆయనే. అక్షరాలు అందంగా రాయడం, శాసనాల నకళ్లు తీయడం సరదాగా ఉన్నవాళ్లకు ఆయన 'మన లిపి: పుట్టుపూర్వోత్తరాలు' ఇవ్వాలి. తెలుగు లిపి, కన్నడ లిపి ఒకప్పుడు ఒకటేనని తెలిశాక, బడిలో కన్నడం మాత్రమే నేర్చుకున్న పిల్లకు తెలుగు అక్షరాలు వారం పది రోజుల పని.

పిల్లలకు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూరులో చదివి, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులు, పాత చెప్పులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పిన మనిషి. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. చదవడం ఇష్టంలేని పిల్లాడు కూడా బొమ్మ చేయడం కోసం చదువుతాడు. చదివే పిల్లలకు, వాళ్ల టీచర్లకు కూడా, హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసిన 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన 'తొత్తొ-చాన్'కు అది తెలుగు రూపం.

వెతికే పద్ధతి గురించి రెండు మాటలు. డ్యూయీ అంకెలు వాడే లైబ్రరీల్లో పుస్తకం వీపు మీద ఉండే నంబరే దారి చూపిస్తుంది. 598 పక్షులు, 635 తోట, 641 వంట, 737 నాణేలు, 739 లోహపు కళలు, 746 అల్లికలు, కుట్టుపని, 770 ఫోటోగ్రఫీ. మీ సరదా నంబరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ ఊరి లైబ్రరీకి వెళ్లినా ఎవరినీ అడక్కుండా ఆ అర దగ్గరికి నడవొచ్చు. ఆ అరలో పైన చెప్పిన పుస్తకాలే దొరకాలనేం లేదు, వాటి పక్కింటివాళ్లు దొరుకుతారు. ఇంటి నుంచి చూడాలంటే కర్ణాటక గ్రంథాలయ శాఖ 2020లో ప్రారంభించిన డిజిటల్ లైబ్రరీ ఉంది, పేరు నమోదు చేసుకుంటే చాలు.

ఒకవేళ మీ జిల్లా గ్రంథాలయంలో తెలుగు అర బక్కచిక్కి కనిపిస్తే నిట్టూర్చి వెనక్కి రాకండి. కర్ణాటకలో 1965 గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు నూటికి ఆరు రూపాయలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నారు. అంటే ఆ పుస్తకాల డబ్బులో మీ వాటా ముందే చేరింది. కౌంటరు దగ్గర సూచనల పుస్తకం అడగండి. రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు స్పష్టంగా రాయండి, సంతకం పెట్టండి. ఒక్కరు రాస్తే పక్కన పెట్టొచ్చు. పదిమంది పాఠకులు ఒకే పుస్తకం కావాలని రాస్తే కొనుగోలు జాబితాలోకి తేవడం లైబ్రేరియన్‌కు తేలికవుతుంది. ఈ వారం ఒక్క పేరు రాసి రండి. దేనితో మొదలుపెట్టాలో తోచకపోతే, యాజ్దానీ బీదర్ పుస్తకంతో మొదలుపెట్టండి.